దీపావళి 2026, దవావో (ఫిలిప్పీన్స్): కవర్డ్ కోర్టు పనులు – వాలంటీర్ల చర్చ

సమన్వయం:
అందరికీ నమస్కారం. ఈసారి దీపావళి నవంబర్ 8, ఆదివారం. హోటల్ హాలు అద్దె మన వల్ల కాదని పోయిన మీటింగులోనే తేలిపోయింది కాబట్టి మన హాస్టళ్ల వెనకున్న బరంగాయ్ (ఇక్కడ వార్డు లాంటిది) కవర్డ్ కోర్టే దిక్కు. పైన రేకులు, చుట్టూ గోడలు లేవు, రెండు చివరలా బాస్కెట్‌బాల్ రింగులు. మెడిసిన్ పిల్లలు, ఉద్యోగస్థుల కుటుంబాలు కలిపి రెండొందల మంది వస్తారని అంచనా. చిక్కల్లా తేదీలతోనే. ఇప్పుడున్న చట్టం ప్రకారం నవంబర్ 2న దేశమంతా బరంగాయ్ ఎన్నికలు. ముందు రోజు ఉందాస్, ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది. ఆ వారం బరంగాయ్ హాల్లో మన కాగితం తీసి చూసే నాథుడుండడు. అనుమతి అక్టోబర్ మొదటి వారంలోపు చేతికి రావాలి. ఎవరెవరు ఏ పని తీసుకుంటారో కింద రాయండి.

కొత్త వాలంటీర్, మెడిసిన్ మొదటి సంవత్సరం:
అన్నా, ఒక డౌటు. ఇప్పుడున్న కాప్, అదే బరంగాయ్ పెద్ద కపితాన్, సంతకం పెట్టి, ఆ తర్వాత ఆయనే ఓడిపోతే మన అనుమతి చెల్లుతుందా? మా ఊళ్లో సర్పంచ్ మారాడంటే పాతాయన వేయించిన బోరు మోటారు కూడా మాయమవుతుంది.

అక్క (ఇక్కడే స్థిరపడినావిడ):
చెల్లుతుంది తమ్ముడూ. గెలిచినవాళ్లు కుర్చీ ఎక్కేది డిసెంబర్ 1న. అప్పటిదాకా పాతవాళ్లదే అధికారం. కాకపోతే ఓడిపోయినాయన ఆ వారం ఆఫీసు వైపు రాకపోవచ్చు, మరి కోర్టు లైట్ల బోర్డు తాళం ఎవరి దగ్గరుంటుంది? కాగితం కంటే అది ముఖ్యం. ఉత్తరం కపితాన్ పేరున రాసినా, రెండు కాపీలు తీసుకెళ్లి సెక్రటరీ దగ్గర ఒకదాని మీద ‘అందింది’ అని ముద్ర వేయించుకోండి. లైట్ల కరెంటుకి ఏమైనా కట్టమంటే ట్రెజరర్ దగ్గరే కట్టి రసీదు అడగండి. ఎవరి జేబులోనూ పెట్టొద్దు, ఎంత మంచివాళ్లైనా సరే.

కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. దవావో సిటీలో 182 బరంగాయ్‌లున్నాయి. సిటీ నడిబొడ్డున ఉన్నవాటికి పేర్లు కూడా ఉండవు, అంకె పక్కన అక్షరం, అంతే. ఒక్కో బరంగాయ్‌కి ఒక కపితాన్, ఏడుగురు కగవాడ్‌లు (వార్డు మెంబర్ల లాంటివాళ్లు), యువజన మండలి అధ్యక్షుడు. ఆ మండలిని ఎస్‌కే అంటారు. దానికి ఓటు వేసేది 15 నుంచి 30 ఏళ్లవాళ్లు. బరంగాయ్ నిధుల్లో పదో వంతు వాళ్లదే. మన పంచాయతీ ఎన్నికల్లాగే ఇవి కూడా పార్టీ గుర్తుల్లేని ఎన్నికలు. అలాగని ఎవరు ఎవరి మనిషో తెలియనివాళ్లు వీధిలో ఉంటారా? అదీ మనలాగే.

ఇన్ని చెప్పాను గానీ, మీరు మొదట కలవాల్సింది కాప్‌ని కాదు, పురోక్ లీడర్‌ని. నాలుగు వీధులు కలిస్తే ఒక పురోక్. మన పురోక్ లీడర్ కోర్టు పక్కన సారీ సారీ కొట్టు నడిపే ఆంటీ. షాంపూ సాషేలు, గుడ్లు, ఒక్కో సిగరెట్టు విడిగా అమ్మే కిటికీ కొట్టు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆ కిటికీకి తెలుస్తుంది. ఆవిడకి చెప్పకుండా నేరుగా హాలుకి వెళ్తే అనుమతి వస్తుంది, కానీ కుర్చీలు సర్దడానికి ఒక్క చెయ్యి సాయం రాదు.

పిల్లల కార్యక్రమాలు:
అక్కా, ఆదివారం సాయంత్రం అదే కోర్టులో ఎస్‌కే వాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్ ఉంటుంది. నిన్న అటు వెళ్తూ చూశాను, స్కోరు బోర్డు పక్కన సుద్దతో షెడ్యూల్ రాసి ఉంది. మనం మధ్యాహ్నం నుంచే అలంకరణ మొదలుపెడితే వాళ్ల ఆట పోతుంది.

సమన్వయం:
కాప్‌తో చెప్పించి ఆ ఒక్క రోజు ఆపిద్దామా?

అక్క:
అలా చెయ్యొద్దు. కాప్ చెప్తే ఆపుతారు, మళ్లీ ఆరు నెలలు మన పిల్లలు బంతి పట్టుకుని అటు వెళ్తే రింగు దొరకదు. వాళ్లతో మనమే మాట్లాడదాం. పొద్దున పూట మ్యాచ్‌లు పెట్టుకోమని, మంచినీళ్లు, మెరియెండా (చిరుతిండి) మనమిస్తామని చెబుదాం. గారెలు వేస్తే వద్దనే కుర్రాడు ఈ బరంగాయ్‌లో లేడు.

సౌండు, లైట్లు:
నా సంగతి కూడా వినండి. ఉగాది తర్వాత చేరినవాళ్లకి ఇది తెలియదు. ఆ రోజు మన స్పీకర్లు కోర్టు ఎదురింటి వైపు తిరిగి ఉన్నాయి. ఆ ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన. ఆయన భార్య, ఆ లోలా (ఇక్కడ అమ్మమ్మని అలా పిలుస్తారు), మర్నాడు బరంగాయ్ హాలుకి వెళ్లి బ్లాటర్‌లో, అంటే ఫిర్యాదుల పుస్తకంలో, రాయించింది. ఇక్కడ ఒకే ఊళ్లో ఉండేవాళ్ల మధ్య ఇలాంటి చిన్న తగాదా ఏదైనా నేరుగా న్యాయస్థానానికి ఎక్కదు, ముందు బరంగాయ్‌లో రాజీకి కూర్చోవాలి. కపితాన్ పదిహేను రోజుల్లో కుదర్చలేకపోతే లూపోన్ (బరంగాయ్ రాజీ సంఘం) సభ్యుల్లోంచి ముగ్గురితో పంచాయితీ. లాయర్లకి ప్రవేశం లేదు. సంఘం పేరుతో రాజీ కుదరదు, మనుషులే ఎదురెదురుగా కూర్చోవాలి. అలా సంతకం నా పేరున పడింది.

మాది కాప్ దగ్గరే తేలిపోయిందనుకోండి. ఆ లోలా నన్ను ఒక్క మాట అనలేదు. చేతిలో మందుల చీటీ పట్టుకొచ్చింది, మా ఆయన తొమ్మిదింటికి మాత్ర వేసుకుంటాడు, ఆ తర్వాతైనా నిద్రపోనివ్వండి, అంతే అడిగింది. స్పీకర్లు ఆ ఇంటి వైపు తిప్పకూడదు, తొమ్మిదికల్లా మైకు ఆగాలి అని రాసుకున్నాం. పది రోజుల్లో ఎవరూ కాదనకపోతే ఆ కాగితానికి న్యాయస్థానం తీర్పంత బలం. కాదనలేదు కూడా. కాబట్టి అంత్యాక్షరి ఆడతాం, ఇంకో రెండు పాటలు అని నా మీద పడకండి. ఎనిమిదీ యాభైకి ప్లగ్గు పీకేస్తా. ఇందులో టెన్షన్ నాది, మీది కాదు.

వంటలు:
అయితే వడ్డన ఏడింటికే మొదలవ్వాలి. మెనూ: పులిహోర, గారెలు, మునగాకు పప్పు, వంకాయ కూర, సేమ్యా పాయసం. కరివేపాకు దొరకడం గగనం, మునగాకు మాత్రం ప్రతి ఇంటి కంచె మీదా ఉంది, మలుంగాయ్ అని అడిగితే ఊరికే కోసిస్తారు. అరిటాకులు బంకెరోహన్ మార్కెట్లో తెల్లవారుజామున తీసుకోవాలి, నాతో ఇద్దరు రావాలి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు వద్దే వద్దు. పొయ్యిలు కోర్టు బయట, గాలి ఇళ్ల వైపు వీచని మూల.

కొత్త వాలంటీర్:
టపాసుల బాధ్యత నేను తీసుకుంటా. మనీలా నుంచి వచ్చే ఫ్రెండ్‌తో తెప్పించనా?

సమన్వయం:
బాబూ, ఆ పని మాత్రం చెయ్యకు! దవావోలో టపాసులు అమ్మడం, కాల్చడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధం. 2002లో ఆర్డినెన్సే చేశారు. కొత్త సంవత్సరానికి కూడా ఇక్కడ చప్పుడుండదు, జనం టొరొటొట్ బూరలు ఊదుకుంటారు. కాకరపువ్వొత్తులు కూడా బ్యాగులో పెట్టుకురావద్దని ఇంటి నుంచి వచ్చేవాళ్లకి చెప్పండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఈ సరదా అవసరమా? ప్రమిదలు పెడదాం, పిల్లలకి తలా ఒక బూర ఇద్దాం. అదీ తొమ్మిదిలోపే, లోలా గారున్నారు.

శుభ్రత:
చెత్త సంగతి నాది. దేశంలో 2001 నుంచే చట్టం ఉంది, తడి, పొడి విడదీసే పని మొదలయ్యేది బరంగాయ్ స్థాయిలోనే. మనం ఆకులు, అన్నం ఒక సంచిలో, సీసాలు, అట్టలు వేరే సంచిలో పెట్టాలి. ఇంకోటి, కోర్టు పక్క కాలువ. వాన గట్టిగా పడితే అదే పొంగి ఆంటీ కొట్టు ముందుకొస్తుంది. పోయినసారి ఎవరో పెళ్లివాళ్లు వదిలేసిన కప్పులు అడ్డుపడి నీళ్లు ఆపేశాయట. రాత్రే ఊడుద్దాం, పొద్దున చూద్దాం అనుకుంటే కుక్కలు ముందు చూస్తాయి.

స్పాన్సర్లు:
ఒక శుభవార్త. కగవాడ్‌గా నిలబడుతున్న ఒకాయన టెంట్లు, వంద కుర్చీలు ఉచితంగా పంపిస్తానన్నాడు. బదులుగా గేటు దగ్గర తన ఫొటో ఉన్న టార్పాలిన్ బ్యానర్ కడితే చాలన్నాడు. ఓకే అననా?

అక్క:
వద్దు, వద్దు. అభ్యర్థులు ప్రచారం రోజుల్లో విరాళాలివ్వడం ఎన్నికల చట్టం ప్రకారం నేరం. అది వాళ్ల తలనొప్పి అనుకున్నా, విదేశీయులు ఏ అభ్యర్థికీ ఏ రకంగానూ సాయపడకూడదని అదే చట్టంలో ఉంది, అది మన తలనొప్పి. టీషర్టులు పంచినా తీసుకోకండి, ర్యాలీలో సెల్ఫీలు దిగి పోస్టు చెయ్యకండి. ఓట్లయ్యాక ఇస్తానన్నా వద్దు, గెలిచినాయన కుర్చీల్లో కూర్చున్నామని ఓడినాయన వీధి మనల్ని చూస్తుంది. కుర్చీలు అద్దెకే తీసుకుందాం. ఈ ఇంట్లో ఓటు మా ఆయనకే గానీ నాకు లేదు. ఇన్నేళ్లయినా ఎవరికి వేశావని ఆయన్ని నేనడగను, మీరూ ఎవరినీ అడగొద్దు.

సమన్వయం:
సరే అక్కా, కుర్చీలు అద్దెకే. ఇంకా ఏమైనా ఆలోచించాల్సినవి ఉన్నాయా?

అక్క:
ఒకటుంది, ఎవరూ అనుకోరు గానీ. వీధిలో ఎవరైనా పోతే ఇక్కడ శవాన్ని రోజుల తరబడి ఉంచి రాత్రంతా జాగారం చేస్తారు. చిన్న ఇళ్లవాళ్లకి ఆ కోర్టే ఇస్తారు. పేకాట, కాఫీ, బిస్కెట్లు, దూరం నుంచి కొడుకులు వచ్చేదాకా. ఆ వారం అదే జరిగితే మన అనుమతి కాగితం చూపించి వాదించకూడదు. పెద్ద వరదొచ్చి జనాన్ని అక్కడికి తరలించినా అంతే. రెండో చోటు ఒకటి ఇప్పుడే చూసి పెట్టుకోండి. ప్రమిదలు, పులిహోర ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చు.

సమన్వయం:
హాస్టల్ డాబా వాళ్లని నేను అడుగుతా. మిగతావి ఇలా: ఉత్తరం రెండు కాపీలు నేను. ఎస్‌కే కుర్రాళ్లతో పిల్లల టీమ్. అరిటాకులకి వంటలవాళ్లతో ఇద్దరు, ఇంకా పేర్లు రాలేదు. లోలా గారింటికి సౌండు తమ్ముడు ముందే వెళ్లి తేదీ చెప్పి, భోజనానికి పిలిచి రావాలి. అక్టోబర్‌లో బరంగాయ్ సభ ఉంటే వెనక నిలబడి వినడానికి ఇద్దరు వెళ్దాం. అందులో సభ్యత్వం ఇక్కడి పౌరులకే, మాట్లాడే పని పెట్టుకోవద్దు. పురోక్ లీడర్ ఆంటీ దగ్గరికి ఈ శనివారం నాతో ఎవరొస్తారు?

కొత్త వాలంటీర్:
నేనొస్తా అన్నా. అరిటాకులకి కూడా నా పేరు రాసుకోండి. ఇక్కడి బిసాయా భాష ఇంకా రాదు, ‘పాలిహుగ్’ (దయచేసి), ‘సలామత్’ (థాంక్స్) వరకూ వచ్చు.

అక్క:
ఆ రెండూ చాలు. ఖాళీ చేతుల్తో వెళ్లకుండా ఆవిడ కొట్లోనే ఏదైనా కొనండి.