1960లో తీసుకున్న 720 రూపాయలు ఇప్పుడు ఎంత అవుతాయి? పాత అప్పు తీర్చాలి

కంచరపాలెం నుంచి:
అందరికీ నమస్కారం. తాతయ్యగారి పద్దు పుస్తకంలో 1960 నాటి ఒక పేజీ దొరికింది. "అప్ప గాజులు 6 తులాలు అమ్మగా వచ్చినది 720-8-0, స్థలానికి" అని రాసుకున్నారు. ఆ డబ్బుతో కొన్న స్థలంలోనే ఇప్పుడు మా ఇల్లు ఉంది. అప్ప అంటే తాతయ్యగారి అక్క. ఆవిడకి తిరిగి ఇచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. నాన్నగారికి 78 ఏళ్లు, ఈ రుణం తీరేదాకా నిద్ర పట్టదంటున్నారు. ఆవిడ మనవలు అనకాపల్లిలో ఉన్నారు. ఎంత ఇస్తే న్యాయం? ఆ 8 ఏమిటో కూడా చెప్పండి.

గాజువాక నుంచి:
అప్పట్లో డాలరు 4.76 రూపాయలు. అంటే మీ 720 రూపాయలు 151 డాలర్లు. 2024 చివర్లో ఉన్నట్టు డాలరు 85 వేసుకున్నా పదమూడు వేలు కూడా రాదండీ.

సీతమ్మధార నుంచి:
గాజువాక గారూ, ఆ లెక్క పనికిరాదండీ. ఈ అరవై ఏళ్లలో డాలరు విలువ కూడా బాగా పడిపోయింది. దాంతో కొలిస్తే ఆవిడకి అన్యాయం జరుగుతుంది.

ముందు ఆ 8 సంగతి. రూపాయలు-అణాలు-పైలు అని రాసే పాత పద్ధతి అది. 8 అణాలంటే అర్ధరూపాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయా పైసలు వచ్చినా, పెద్దవాళ్ల చేతికి అణాల అలవాటు అంత తొందరగా పోలేదు.

ఇక అసలు ప్రశ్న. "ఇప్పుడు ఎంత" అన్నదానికి ఒక్క జవాబు లేదు. దేనితో కొలుస్తున్నామో దాన్నిబట్టి మారిపోతుంది.

ధరలతో కొలిస్తే: కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల ధరల సూచీకి 1960లో 100 అని మొదలుపెట్టి, తర్వాత 1982, 2001, 2016లలో మళ్లీ 100 నుంచి లెక్కించారు. పాతదాన్ని కొత్తదానితో కలిపే లింకింగ్ ఫ్యాక్టర్లు 4.93, 4.63, 2.88. మూడూ గుణిస్తే దాదాపు 65.7. 2024 చివర్లో సూచీ 144 దగ్గర ఉంది కాబట్టి మొత్తం 95 రెట్లు, అంటే సుమారు 68 వేలు. ఇది దేశం మొత్తానికి. విశాఖ కేంద్రానికి విడిగా సూచీ ఉంది, దాని ఫ్యాక్టర్లు వేరు. చాలామంది మధ్యలో ఒక ఫ్యాక్టర్ మర్చిపోతారు, అక్కడే లెక్క తప్పుతుంది.

జీతంతో కొలిస్తే: రెండో వేతన సంఘం కేంద్ర ఉద్యోగికి సిఫారసు చేసిన కనీస జీతం నెలకు 80 రూపాయలు. అంటే 720 తొమ్మిది నెలల జీతం. 2024 చివర్లో కనీస మూలవేతనం 18,000, పైన 53 శాతం డీఏ (కరువు భత్యం), మొత్తం 27,540. తొమ్మిది నెలలకు దాదాపు రెండు లక్షల 48 వేలు.

బంగారంతో కొలిస్తే: పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు కొందరు అనుకునే పది గ్రాములు కాదు. ఆరు తులాలంటే 70 గ్రాములు. 1960లో పది గ్రాముల మేలిమి 112 రూపాయల దగ్గర ఉండేది. 22 క్యారెట్ల గాజులైతే 64 గ్రాముల మేలిమి, దాని ధర 718. మీ తాతగారి పద్దుతో దాదాపు సరిపోయింది చూడండి! అదే 64 గ్రాములు 2024 చివర్లో ఐదు లక్షల దాకా చేస్తాయి.

వన్ టౌన్ నుంచి:
బంగారం ఎప్పుడూ నమ్మదగిన కొలత కాదండీ. 1963లో బంగారం నియంత్రణ వచ్చాక 1964లో పది గ్రాములు 63 రూపాయలకు పడిపోయింది. అదే పద్దు 1964లో రాసి ఉంటే లెక్క ఇంకోలా ఉండేది.

సీతమ్మధార నుంచి:
నిజమే. మామూలు అప్పయితే నేను కూడా ధరల సూచీయే చూడమంటాను. కానీ ఆవిడ చేతి నుంచి పోయింది నోట్లు కాదు, గాజులు. అమ్మకుండా ఉంటే ఆ 70 గ్రాములు ఈపాటికి మనవరాళ్ల చేతులకు ఉండేవి. ఇచ్చినవాళ్లు ఏం వదులుకున్నారో దాంతోనే కొలవాలని నా నమ్మకం. స్థలం ధర పెరిగింది కదా అని అందులో వాటా లెక్క కట్టడం మాత్రం వేరే సంగతి. ఆవిడ భాగస్వామిగా ఇచ్చారా, చేబదులుగా ఇచ్చారా అన్నది నాన్నగారే చెప్పాలి.

కంచరపాలెం నుంచి:
నాన్నగారికి చదివి వినిపించానండీ. చేబదులే అన్నారు. "అప్ప గాజులు తీసుకున్నాం, గాజులే ఇద్దాం" అన్నారు. ఒకేసారి 70 గ్రాములు మావల్ల కాదు. సంక్రాంతికి ఒక జత, వచ్చే ఏడాది ఇంకో జత ఇస్తాం. శనివారం బంగారం కొట్లుండే కురుపాం మార్కెట్‌కి తీసుకెళ్లమంటున్నారు.

వన్ టౌన్ నుంచి:
22 క్యారెట్లకు 916 ముద్ర, పక్కన అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా వేసే గుర్తింపు కోడ్) ఉన్నాయో లేదో లెన్స్‌తో చూపించమనండి. తూకం గ్రాముల్లోనే రాయించుకోండి, తులాల్లో వద్దు. మజూరీ బిల్లులో విడిగా వేయించండి. రెండో జత కొనేటప్పుడు ఎన్ని గ్రాములు మిగిలాయో ఆ బిల్లు చూస్తే తెలిసిపోతుంది.