యుగాంతం అంటే నిజానికి దేని అంతం?

ప్రశ్న: పెరటిచెట్టు

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమిని ఢీకొంటుందని ఫోనులో ఏదో వీడియో చూసి, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రెండు రాత్రులుగా సరిగా నిద్రపోవడం లేదు. 2012 డిసెంబరులో మాయన్ల క్యాలెండరు పేరుతో టీవీ ఛానళ్లు చేసిన హడావుడి గుర్తుంది కనుక ఇదీ అంతేనని కొట్టిపారేశాను. అయితే, ‘మరి నిజంగా ఎలా అంతమవుతుంది నాన్నా?’ అని తను అడిగేసరికి నా దగ్గర జవాబు లేకపోయింది. భయపెట్టకుండా, అలాగని అబద్ధమూ ఆడకుండా ఏం చెప్పవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: చుక్కలలెక్క

ముందు అపోఫిస్ సంగతి. 2004లో దాన్ని కనిపెట్టిన కొత్తలో, అది 2029లో భూమిని తాకే అవకాశం 2.7 శాతం దాకా ఉందని లెక్క తేలిన మాట వాస్తవమే. పరిశీలనలు పెరిగేకొద్దీ ఆ భయం తీరిపోయింది. 2021లో రాడార్ కొలతలు తీసుకున్న తర్వాత, కనీసం మరో వందేళ్ల వరకు దానివల్ల ప్రమాదం లేదని నాసా ప్రకటించింది. ఆ రోజు అది సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో, అంటే మన ఇళ్లకు టీవీ ప్రసారాలు అందించే ఉపగ్రహాలకన్నా దగ్గరగా, దాటిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. భూమి అంతం వేరు, మనిషి అంతం వేరు. సూర్యుడు నెమ్మదిగా ప్రకాశం పెంచుకుంటున్నాడు కనుక ఇంకో 100 కోట్ల ఏళ్ల ప్రాంతంలో సముద్రాలు ఇంకిపోతాయనీ, 500 కోట్ల ఏళ్లకు ఆయన ఉబ్బి బుధ, శుక్రులను మింగేస్తాడనీ అంచనా. 6.6 కోట్ల ఏళ్ల క్రితం మెక్సికోలోని యుకటాన్ దగ్గర పది కిలోమీటర్ల శకలం పడినప్పుడు భూమికి ఏమీ కాలేదు. లేచిన ధూళి, మసి ఎండను కమ్మేయడంతో మొక్కలు, వాటి వెనుకే రాక్షసబల్లులు పోయాయి. 2022 సెప్టెంబరు 26న నాసా పంపిన డార్ట్ అనే నౌక కావాలనే ఢీకొని, మరో పెద్ద శకలం చుట్టూ తిరిగే డైమోర్ఫాస్ అనే చిన్న శకలం పరిభ్రమణ కాలాన్ని 32 నిమిషాలు తగ్గించింది కాబట్టి, చాలా ఏళ్ల ముందే కనిపెడితే ఇలాంటి దాన్ని పక్కకు నెట్టవచ్చని ఆశ పడవచ్చు.

ముందు కనిపెట్టలేకపోతేనే చిక్కు. 2013లో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలిన ఇరవై మీటర్ల రాయి సూర్యుడి దిక్కు నుంచి వచ్చింది కనుక ఎవరికీ కనబడలేదు. వెలుగు చూసి కిటికీల దగ్గరికి వెళ్లినవారికి, కాసేపటికి వచ్చిన అదురుకు అద్దాలు పగిలి గుచ్చుకున్నాయి. మీ అమ్మాయికి పనికొచ్చే మాట ఏదైనా ఉంటే ఇదే.

జవాబు: యాగంటిబసవ

మాది బనగానపల్లె ప్రాంతం. వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని చెప్పే రవ్వలకొండ, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని మా పెద్దలు నమ్మే యాగంటి బసవన్న మాకు దగ్గరే. ఇక్కడే జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు గాలిలో ప్రయాణించి వచ్చిన బూడిద, రెండు మీటర్లకు పైగా పేరుకుని ఉంది. తెల్లగా, ముగ్గుపిండిలా మెత్తగా ఉంటుంది. గిన్నెలు తోమే పొడి కోసం దాన్ని తవ్వి అమ్ముకున్నారు. ప్రళయం సాక్ష్యంతో అంట్లు తోముకున్న ఊరు మాది! తవ్వకాల్లో ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దాదాపు అలాంటివే దొరికాయి. ఆకాశం నుంచి బూడిద కురిసిన తర్వాత కూడా ఇక్కడ ఎవరో కూర్చుని రాళ్లు చెక్కుకున్నారని మీ అమ్మాయికి చెప్పండి.

జవాబు: పాతపంచాంగం

సంకల్పంలో నేటికీ ‘కలియుగే ప్రథమపాదే’ అనే చెప్పుకుంటున్నాం. 4,32,000 ఏళ్లలో గడిచినవి 5,100 పైచిలుకే కనుక శాస్త్రం ప్రకారం కూడా తొందరేమీ లేదు. నాకు రాళ్లకన్నా మనుషుల భయమే ఎక్కువ. చుక్కలలెక్కగారు చెప్పిన సెప్టెంబరు 26నే, కాకపోతే 1983లో, అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నట్లు సోవియట్ హెచ్చరిక కేంద్రంలో గంట మోగింది. నిజంగా దాడి చేసేవాడు ఐదింటితో మొదలుపెట్టడని తర్కించుకుని, అది యంత్రం పొరపాటని పై అధికారులకు చెప్పినవాడు స్తానిస్లావ్ పెట్రోవ్. మేఘాల మీద పడిన ఎండను ఉపగ్రహం క్షిపణులుగా పొరబడిందని తర్వాత తేలింది. అణుయుద్ధంలో నగరాలు తగలబడితే లేచే మసి కూడా ఆ రాక్షసబల్లుల నాటి మసిలాగే ఎండను అడ్డుకుని పంటలను చంపుతుంది. తేడా ఏమిటంటే, ఆ రాయికి మీట ఎవరి చేతిలోనూ లేదు.

పెరటిచెట్టు

అందరికీ కృతజ్ఞతలు. మొత్తం చదివి వినిపించాను. జ్వాలాపురం తీసుకెళ్లమంటోంది, దసరా సెలవుల్లో వస్తామేమో బసవగారూ. రాత్రి బాగానే నిద్రపోయింది కాని, పడుకోబోయే ముందు తన మంచాన్ని కిటికీ దగ్గర నుంచి నా చేత జరిపించింది.