అప్‌డేట్: లంబసింగి చలికి బైక్ మీద వేళ్లు మొద్దుబారడం, సెట్ అయింది

డిసెంబర్‌లో తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే లెదర్ గ్లోవ్స్ ఉన్నా వేళ్లు మొద్దుబారి క్లచ్ తెలియట్లేదు, ఏవి కొనాలి అని అడిగా కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా. పనిచేసింది ఏంటంటే ఒక సైజు పెద్ద వాటర్‌ప్రూఫ్ గ్లోవ్స్, లోపల పల్చటి ఉన్ని లైనర్, బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడదు, వెచ్చటి గాలి నిలవడానికి చోటూ ఉండదు, పైగా ఆ వాటర్‌ప్రూఫ్ పొర వానకే కాదు, ఎదురుగాలిని కూడా ఆపుతుంది. జాకెట్ చేతుల మీదకి వచ్చే పొడుగు కఫ్ ఉన్నవే తీసుకోండి, మణికట్టు దగ్గరే చలి దూరేది. హ్యాండిల్ దగ్గర చేతులకి గాలి తగలకుండా అడ్డుండే హ్యాండ్ గార్డ్స్ కూడా పెట్టించా, సగం తేడా వాటివల్లే. బ్రాండ్ పెద్ద లెక్కలోకి రాలేదు, మరీ మందంగా ఉన్నవాటితో బ్రేక్ లివర్ తెలియట్లేదు. హీటెడ్ గ్రిప్స్ (బైక్ కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ గ్రిప్స్) అవసరమే పడలేదు.