‘ముతషాఇల్’: హీబ్రూలో ఒకటి, తెలుగులో ఏంటి?

అలిఖిత: పొద్దున లేవగానే రాత్రి ప్రాణం తీయనందుకు దేవుడికి దండం, పగలు దెబ్బ తగిలితే ఇంతకన్నా పెద్దది తగలనందుకు ఇంకో దండం. పాలస్తీనా రచయిత ఎమీల్ హబీబీ 1974 అరబీ నవలలో కథానాయకుడు సయీద్ ధోరణి ఇదే కదా! అందుకే అతను ‘ముతషాఇల్’. ఆ నవలని ఆంటన్ షమ్మాస్ హీబ్రూ చేసినప్పుడు పేరు ‘ఒప్సిమిస్ట్’ అనా, ‘పెస్సోప్టిమిస్ట్’ అనా? తెలుగులో ఏమనాలి?

తుంగభద్ర: ఒప్సిమిస్టే, 1984. రెండోది 1982 ఇంగ్లీషుది. అసలు సంగతి వరసలో ఉంది. ముతషాఇమ్ (నిరాశావాది), ముతఫాఇల్ (ఆశావాది) రెంటికీ నడుమ హంజా (గొంతులో ఆగి పలికే అరబీ అక్షరం) ఉమ్మడి. మొదటిదాంట్లో ‘ష’, రెండోదాంట్లో ‘ల’ తీసుకుని అతికాడు హబీబీ. అంటే చెడు ముందు. షమ్మాస్ ‘ఆప్టిమిస్ట్’ (ఆశావాది)లోని ‘ఒప్’తో మొదలెట్టి తిరగేశాడు.

నల్లరేగడి: తిరగెయ్యక ఏం చేస్తాడు? ఆయనే కవి. 1974లో అరబీలో, 1979లో హీబ్రూలో కవితలు అచ్చేశాడు. ఉత్తర ఇజ్రాయెల్‌లోని గలిలీ ప్రాంతంలో, ఫస్సూతా ఊళ్లో పుట్టిన అరబ్బు 1986లో ‘అరబెస్క్’ నవలను హీబ్రూలోనే రాశాడు. అందులో భాగాలకు ‘కథ’, ‘కథకుడు’ అని పేర్లు. హీబ్రూలో ఆ రెండూ ఒకే ధాతువు. చెవి అలాంటిది.

అలిఖిత: సరేనండీ, తెలుగు?

పాతబస్తీ: ‘నిరాశావాది’లో ‘ఆశావాది’ ముందే కూర్చున్నాడు. అతికితే కొత్త మాట పుట్టదు. పైగా అరబీలో ఉన్నది ఆశ కాదు, శకునం. ఫఅల్ అంటే మంచి శకునం, షుఅమ్ అంటే అపశకునం. సయీద్ ఇంటిపేరులోని ‘నహ్స్’ మన హైదరాబాదు ‘మన్హూస్’కి మూలం.

నల్లరేగడి: అయితే ‘శకుని’ అనండి, మామ దిగుతాడు.

తుంగభద్ర: మంచి, చెడు కలిపి ‘మంచెడు’. హంజాలాగే ‘చ’ ఉమ్మడి.

పాతబస్తీ: కుంచెడు, తవ్వెడులా కొలత అనుకుంటారు. పైగా మంచి ముందొచ్చింది, షమ్మాస్ వరస. హబీబీ వరస కావాలంటే ‘చెమంచి’.

నల్లరేగడి: చేమంతి అని చదువుతారు.

తుంగభద్ర: చదవనీండి. ‘ఒప్సిమిస్ట్’ని మాత్రం మొదటిసారి ఎవరు సరిగ్గా చదివారు?