ఈమెయిల్‌లో ప్యాచ్ పంపితే "అప్లై కావట్లేదు" అంటున్నారు, తేడా ఎక్కడ?

కొత్తచేయి:
లైనక్స్ కెర్నెల్‌లో ఒక డ్రైవర్‌కి చిన్న సవరణ (ప్యాచ్). కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తో డిఫ్, అంటే పాత కోడ్‌కీ కొత్తదానికీ తేడా, తీసి బ్రౌజర్ మెయిల్‌లో పేస్ట్ చేసి పంపాను. "ప్యాచ్ పాడైంది, సరిచేసి పంపండి" అని ఒక్క లైను జవాబు వచ్చింది. నా మెషీన్‌లో అదే డిఫ్ శుభ్రంగా అప్లై అవుతోంది. ఏం చూసుకోవాలి? రెండోసారి అదే మెయిల్‌కి రిప్లైగా పంపాలా, విడిగానా?

ట్యాబ్8:
మీ డిఫ్ బాగానే ఉంది, పాడుచేసింది మెయిల్. జీమెయిల్ లాంటివి బ్రౌజర్‌లో ట్యాబులను స్పేసులు చేసేస్తాయి, పొడుగు లైన్లను 78 అక్షరాల దగ్గర విరిచేస్తాయి. కెర్నెల్ కోడ్‌లో ఇండెంటేషన్ అంతా ట్యాబులే, కాబట్టి కాంటెక్స్ట్ లైన్లు (మార్పు చుట్టూ ఉండే మారని లైన్లు) కలవవు. విరిగిన ముక్క మొదట్లో ప్లస్సూ మైనస్సూ స్పేసూ ఏదీ ఉండదు, దాంతో మెయిల్‌లోని ప్యాచ్‌ను కోడ్‌కి అతికించే గిట్ ఏఎం "కరప్ట్ ప్యాచ్" అని ఆగిపోతుంది. అటాచ్‌మెంట్ కూడా వద్దు, లైను కింద లైను కోట్ చేసి వ్యాఖ్య రాయడం రివ్యూయర్‌కి కష్టం. హెచ్‌టీఎంఎల్ మెయిల్‌నైతే సర్వరే తిప్పికొడుతుంది.

ముందు మార్పును కమిట్ చేసి (గిట్ చరిత్రలో నమోదు చేసి), గిట్ ఫార్మాట్-ప్యాచ్ -1 తో ఆ ఒక్క కమిట్‌ను మెయిల్ ఫైలుగా తీయండి. దాని మీద, కోడ్ శైలి తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడపండి. ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్ట్ చెబుతుంది. గిట్ సెండ్-ఈమెయిల్‌తో మొదట మీ అడ్రస్‌కే పంపుకోండి. వచ్చిన మెయిల్‌ను ముడి రూపంలో సేవ్ చేసి, కొత్త బ్రాంచిలో గిట్ ఏఎం కొట్టండి. అది దిగితే అందరి దగ్గరా దిగుతుంది. డ్రై-రన్ (ఉత్తుత్తి పంపకం) ఆప్షన్ దీనికి పనికిరాదు, అసలు మెయిలే బయటికి వెళ్లదు కదా.

మూడుగీతలు:
కమిట్ మెసేజ్ గురించి కూడా చెప్పాలి. సబ్జెక్టు ముందు ఏ ప్రిఫిక్స్ (కోడ్‌లో ఏ విభాగమో చెప్పే మాట) పెట్టాలన్నది ఊహించొద్దు. ఆ ఫైలు మీద గిట్ లాగ్ వన్‌లైన్ కొడితే పాత కమిట్లలో కనిపిస్తుంది. లోపల లైను 75 అక్షరాలు దాటకుండా, ఏం మార్చారన్న దానికంటే ఎందుకు మార్చారో రాయండి. ఏం మారిందో డిఫ్‌లో ఎలాగూ ఉంది. పాత కమిట్ తెచ్చిన బగ్ అయితే ఫిక్సెస్ ట్యాగు పెట్టి, ఆ కమిట్ ఐడీలో మొదటి 12 అక్షరాలు ఇవ్వండి.

కమిట్ చేసేటప్పుడు -ఎస్ (చిన్నక్షరం s) ఇస్తే సైన్డ్-ఆఫ్-బై చేరుతుంది. ఈ కోడ్‌ను ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది అనే పూచీ అది. లేకపోతే కోడ్ ఎంత బాగున్నా తీసుకోరు.

"వి2లో ఇది మార్చాను" లాంటివి (వి2 అంటే సవరించి పంపే రెండో కూర్పు) ప్యాచ్ ఫైలులో మెసేజ్ ముగిశాక వచ్చే మూడు గీతల (---) లైను కిందే రాయాలి. గిట్ ఏఎం ఆ భాగాన్ని వదిలేస్తుంది. పైన రాస్తే మీ సంజాయిషీలు చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతాయి!

ట్యాబ్8:
రిప్లైనా, విడిగానా అన్నది ప్రాజెక్టును బట్టి. కెర్నెల్‌లో, ముఖ్యంగా సిరీస్ (వరుస ప్యాచ్‌లు) అయితే, వి2ని కొత్త థ్రెడ్‌గా పంపి పాతదాని లింకు ఇవ్వడం మేలు. క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్ల ప్రాజెక్టు) కూడా కొత్త థ్రెడ్డే కోరుతుంది. గిట్ ప్రాజెక్టులో మాత్రం పాత కవర్ లెటర్‌కి (ప్యాచ్‌ల ముందు వచ్చే పరిచయ మెయిల్) రిప్లైగా పంపమంటారు. ఫార్మాట్-ప్యాచ్‌కి -వి2 ఇవ్వడం మాత్రం మరవొద్దు. రీసెండ్ అన్న మాట ఒక్క అక్షరం కూడా మారని ప్యాచ్‌కే వాడాలి.

వి2కి ముందే రివ్యూలోని ప్రతి ప్రశ్నకీ, ఆ లైను కిందే జవాబివ్వండి. పైన జవాబు రాసి కింద మొత్తం మెయిల్ వేలాడదీస్తే ఎవరూ చదవరు. ఉలుకూ పలుకూ లేకపోతే కనీసం వారం ఆగి గుర్తుచేయండి. కొత్త మార్పులను ప్రధాన కెర్నెల్‌లో కలుపుకునే మెర్జ్ విండో నడిచే రెండు వారాల్లో ఇంకాస్త ఓపిక పట్టాలి.

కొత్తచేయి:
ఒక్క ప్యాచే. కవర్ లెటర్ కావాలా?

మూడుగీతలు:
అక్కర్లేదు. చెప్పాల్సినది గీతల కింద సరిపోతుంది. ఇంకోటి, వి1కి ఎవరైనా రివ్యూడ్-బై (చూశాను, బాగుంది అనే ట్యాగు) ఇచ్చి ఉంటే వి2లో మీరే చేర్చండి. కోడ్ గణనీయంగా మారితే మాత్రం దాన్ని తీసేసి, తీసేసినట్టు గీతల కింద రాయండి.