పీడీఏని తెలుగులో ఏమనాలి? ‘మొండి’ కాని మాట కావాలి

పిల్లిగారి అమ్మ:

మా పాపకి తొమ్మిదేళ్ళు. ఆటిజం అని నాలుగేళ్ళ క్రితమే తేలింది. ఆ సంగతి అందరికీ చెప్పేశాం, గొడవ లేదు. ఈమధ్య మళ్ళీ అసెస్‌మెంట్ చేయిస్తే రిపోర్టులో కొత్త లైను ఒకటి చేరింది: పెథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్ ప్రొఫైల్, అంటే ఏదైనా చెయ్యమనగానే జబ్బు అనిపించేంతగా తప్పించుకునే తీరు. దాని గురించి చదువుతుంటే ఎవరో మా ఇంటి కిటికీలోంచి చూసి రాసినట్టే ఉంది. కానీ ఆ పేరే మింగుడు పడటం లేదు.

పొట్టిగా పీడీఏ అందామంటే మొదటిరోజే తేడా కొట్టింది. మా ఆడపడుచు నర్సు. ఫోన్‌లో ఆ మూడక్షరాలు వినగానే "అయ్యో వదినా, గుండెకి ఎక్కడ చూపించారు?" అని కంగారు పడిపోయింది. పుట్టాక మూసుకుపోవాల్సిన రక్తనాళం ఒకటి తెరుచుకునే ఉండిపోతే దాన్నీ పీడీఏ అనే అంటారు. పాప గుండె బాగానే ఉందని నమ్మించడానికి పావుగంట పట్టింది.

పోనీ మొత్తం పేరు తెలుగులో చెబుదామా అంటే అది ఇంకా ఘోరం. అత్తయ్య అడిగితే మాటకి మాట చెప్పాను. ఆవిడ విని, "అంటే చెప్పిన పని ఎగ్గొట్టే జబ్బన్నమాట. మొండితనానికి కూడా డాక్టర్లా?" అన్నారు. ఆవిడని అని లాభం లేదు, నేను చెప్పిన తీరే అలా ఉంది. పాప పక్క గదిలోనే ఉంది, వినే ఉంటుంది.

మొన్న జరిగింది చెబుతాను. గుమ్మంలో కూర్చుని తనంతట తనే చెప్పులు తొడుక్కుంటోంది. ఎడమది అయింది, కుడిది చేతిలో ఉంది. నా నోరు ఊరుకోక "ఊఁ, తొందరగా వేసుకో" అన్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపు కుడి చెప్పు వంక చూసి, వేసుకున్న ఎడమదాని బకిల్ కూడా మెల్లగా విప్పేసింది. "నా కాళ్ళు పనిచెయ్యట్లేదమ్మా" అంది. నేను ఇంకో మాట అనేలోపు మ్యావ్ మంటూ నాలుగు కాళ్ళ మీద మంచం కిందికి దూరిపోయింది (నా పేరు అక్కడి నుంచి వచ్చిందే). వెళ్ళాల్సింది ఎక్కడికో కాదు, తనకి ప్రాణమైన ఈతకి. కాసేపటికి మంచం కింద నుంచి వెక్కుతూ, "నాకు ఈతకెళ్ళాలి."

మొండిపిల్ల అయితే తనకి కావలసింది సాధించుకుంటుంది. ఇది తనకి కావలసిందే చేజార్చుకుని ఏడుస్తోంది. మనకి మొండి, పెంకి, మంకు, పంతం, పేచీ, మారాం, ఇన్ని మాటలున్నాయి. వీటిలో ఒక్కటీ దీనికి పనికిరాదు. మీ ఇళ్ళలో ఏమంటున్నారు?

ఇద్దరబ్బాయిల నాన్న:

పేరులో ఏముంది అని నేనూ అనుకునేవాణ్ణి. మా పెద్దాడికి మొదట అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ అని రాశారు, అంటే ఎదురుతిరిగే జబ్బు. ఎదురుతిరిగేవాడికి ఏం చేస్తారు? రూల్సు బిగించమన్నారు, స్టార్ చార్ట్ పెట్టమన్నారు. పళ్ళు తోముకుంటే ఒక స్టారు, హోంవర్కుకి రెండు. మూడో రోజుకి వాడు చార్టు చింపి సగం నమిలేశాడు. మేం ఇంకోటి అంటించాం. ఆరు నెలలు అదే సంత. స్టారు ఇస్తామనడం కూడా వాడికి ఇంకో ఆర్డరే అని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. చివరికి పడుకోవడానికి కూడా భయపడేవాడు. పేరు తప్పయితే మందూ తప్పవుతుందండీ. మీకు ఆ పేరు రాలేదు, సంతోషించండి.

తెలుగు మాస్టారు:

అమ్మా, ‘ఆదేశ వైముఖ్యం’ అంటే ఎలా ఉంటుంది? లేదా ‘ఆజ్ఞా విముఖత’. మరీ పుస్తకభాష అనుకుంటే ‘అత్తిపత్తి’ అనండి. తాకితే ముడుచుకుంటుంది, వదిలేస్తే కాసేపటికి తనే విచ్చుకుంటుంది. తప్పు ఆకుది అని ఎవరూ అనరు.

ఇద్దరబ్బాయిల నాన్న:

అత్తిపత్తి బాగుంది మాస్టారూ. కానీ అది చప్పుడు చెయ్యకుండా ముడుచుకుంటుంది. మావాడు ముడుచుకునేముందు టీవీ రిమోట్ విసురుతాడు.

స్పీచ్ థెరపీ అక్క:

ఈ పేరు వెనక కథ కాస్త చెబుతాను. 1980లలో ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఎలిజబెత్ న్యూసన్ అనే సైకాలజిస్టు దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు ఆటిజంలాగే ఉన్నా పూర్తిగా ఆ మూసలో ఇమడలేదు. మాటకారులు, నాటకాలాడతారు, పని తప్పించుకోవడానికి సాకులు వెతుకుతారు. వాళ్ళ కోసం ఆవిడ పెట్టిన పేరు ఇది. దాన్ని వివరించిన ప్రధాన వ్యాసం 2003లో అచ్చయింది. తర్వాత పెథలాజికల్ అనేది చాలామందికి నచ్చలేదు. 2014లో వచ్చిన ఒక ప్రశ్నావళిలో దాని బదులు ఎక్స్‌ట్రీమ్ అని పెట్టారు. కొందరు రేషనల్ అన్నారు, అంటే ఆ పిల్లలు తప్పించుకోవడానికి సరైన కారణమే ఉందని. పీడీఏ ఉన్న పెద్దవాళ్ళలో ఎక్కువగా వినబడేది పెర్వేసివ్ డ్రైవ్ ఫర్ ఆటానమీ, అంటే అన్నిట్లోనూ తన ఇష్టప్రకారమే ఉండాలనే తపన. అక్షరాలు అవే కాబట్టి పీడీఏ అలాగే ఉండిపోతుంది, అదో సౌకర్యం.

ఇంకోటి. డాక్టర్లు జబ్బుల పేర్లకి చూసుకునే పుస్తకాలు డీఎస్ఎం-5లోగానీ ఐసీడీ-11లోగానీ ఇది విడిగా ఒక డయాగ్నసిస్ కాదు. అందుకే మీ రిపోర్టులో ప్రొఫైల్ అని రాశారు. కొందరు డాక్టర్లు ఆ మాటే ఒప్పుకోరు, ఆటిజంతో వచ్చే ఆందోళనే అంటారు. వాళ్ళతో వాదనకి దిగకండి, పాప ఏం చేస్తుందో వివరంగా చెప్పండి చాలు.

పేరు మారితే కొంప మునగదు. ఆటిజంలో ఒక రకానికి డాక్టర్ ఆస్పెర్జర్ మీద పెట్టిన ఆస్పెర్జర్స్ అనే పేరు 1994లో డీఎస్ఎంలోకి వచ్చి 2013లో పోయింది. నాజీల కాలంలో పిల్లల్ని చంపిన వియన్నా క్లినిక్కుకి ఆ డాక్టరు కూడా పిల్లల్ని పంపించాడని 2018లో పరిశోధన బయటపెట్టాక, ఆ పేరు మోసినవాళ్ళే చాలామంది వదిలేసుకున్నారు.

నాకైతే స్వతంత్రం అనే అర్థం వచ్చే మాట నచ్చుతుంది. ‘స్వేచ్ఛా తపన’ అంటే?

ముప్పై దాటాక తెలిసింది:

నాకు పీడీఏ ఉంది, కాబట్టి ఇందులో నాకూ ఒక ఓటు ఇవ్వండి.

అక్కా, స్వేచ్ఛా తపన వినడానికి బాగుంది, జెండా పట్టుకుని బయల్దేరినట్టుంది. జబ్బు అనే మాట కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ నాకు జరిగేది అది ఒక్కటే కాదు. బాత్రూమ్‌కి వెళ్ళాలని ఒళ్ళు చెబుతున్నా కుర్చీలోంచి లేవలేక గంటసేపు కూర్చున్న రోజులున్నాయి. అక్కడ నాకు ఆర్డరు వేసిందెవరు? నా ఒళ్ళే. ఎవరి నుంచి స్వేచ్ఛ కావాలంటారు? నాకిష్టమైన బొమ్మ వేద్దామని నేనే అనుకుంటాను. అనుకున్న మరుక్షణం అది ‘వెయ్యాలి’ అయి కూర్చుంటుంది. ఇక గుండె దడ. పక్కనుంచి ఎవరైనా "భలే వేస్తున్నావే" అన్నారంటే పెన్సిల్ కింద పడేసినట్టే. ఆ మెప్పు కూడా, ఇంకా వెయ్యి అన్నట్టే వినిపిస్తుంది.

చిన్నప్పుడు నేను ‘చెయ్యలేను’ అన్న ప్రతిసారీ మావాళ్ళకి ‘చెయ్యను’ అని వినపడేది. మధ్యలో ఒక్క అక్షరమే కదా తేడా, ఆ ‘లే’ ఎప్పుడూ ఎవరి చెవికీ చేరలేదు. నన్నడిగితే పేరు కోసం నామవాచకం వెతకడమే దండగ. మనం ఆకలి వేసింది, భయం వేసింది అంటాం, ఆకలిమనిషి అనం. నాకు అయ్యేది బిగుసుకుపోవడం. చెప్పగానే బిగుసుకుపోతాను. చలికి వేళ్ళు బిగుసుకుపోయినవాణ్ణి ఎవరూ మొండివాడు అనరుగా.

తెలుగు మాస్టారు:

నా వైముఖ్యం వెనక్కి తీసుకుంటున్నాను బాబూ. ‘బిగుసుకుపోవడం’ అందరికీ అర్థమవుతుంది. ఒక్కటే అనుమానం. బిగుసుకోవడం అంటే బెట్టు చేయడం అనే అర్థం కూడా ఉంది. "వాడు బిగుసుకు కూర్చున్నాడు" అంటాం కదా.

ముప్పై దాటాక తెలిసింది:

నిజమే మాస్టారూ, అది తట్టలేదు. అయితే ‘పోవడం’ మాత్రం వదలొద్దు. బిగుసుకు కూర్చునేది తను కావాలని. బిగుసుకుపోయేది తన ప్రమేయం లేకుండా.

పిల్లిగారి అమ్మ:

అందరికీ థాంక్స్. ఫలితం చెబుదామని రెండు రోజులు ఆగాను.

రిపోర్టులో పీడీఏ అలాగే ఉంచేశాను. పాపతో ఎలా మాట్లాడాలన్న సలహాలన్నీ ఆ పేరు మీదే దొరుకుతున్నాయి, దాన్ని పోగొట్టుకోలేను. స్కూలువాళ్ళకి కూడా అదే. ఇంట్లో మాత్రం పేరు లేదు, వాక్యమే ఉంది. అత్తయ్యతో "చెప్పగానే బిగుసుకుపోతుందత్తయ్యా, చెయ్యను కాదు, చెయ్యలేను" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మరి చెప్పకుండా ఎలా చెప్పడం?" అన్నారు. ఈ విషయంలో ఆవిడ నన్ను ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి.

నిన్న ఈతకి బయల్దేరేటప్పుడు నేను నోరు కుట్టేసుకున్నాను. అత్తయ్య గుమ్మంలో చతికిలబడి, చెప్పులు రెండూ ముందు పెట్టుకుని గాలితో మాట్లాడటం మొదలెట్టారు. "వీటిలో ఎడమదేదో కుడిదేదో, నా కళ్ళకి ఆనడం లేదు." మంచం కింద నుంచి పిల్లి వచ్చింది. రెండూ వాసన చూసింది. కుడిదాన్ని నోట కరుచుకుని మళ్ళీ మంచం కిందికే పోయింది.

ఇరవై నిమిషాలు లేటుగా వెళ్ళాం, ఎడమ కాలికి చెప్పు లేకుండా. ఈత మాత్రం కొట్టింది.

ఇద్దరబ్బాయిల నాన్నగారూ, మీ పెద్దబ్బాయి పాత రిపోర్టులో ఆ ఎదురుతిరిగే పేరు తీయించారా, ఇంకా అలాగే ఉందా?

ఇద్దరబ్బాయిల నాన్న:

తీయరటమ్మా. కింద కొత్తది అతికించారు, పైన పాతది అలాగే ఉంది. ఎవరికైనా చూపించేటప్పుడు రెండో పేజీ ముందుకి తిప్పి ఇస్తాను.