9 రోజుల పాప, గుండె ఆపరేషన్ – పుట్టపర్తికా, తిరుపతికా?

అన్నలారా, అక్కలారా, తెలిసినవాళ్లు వెంటనే చెప్పండి. మాది ఉరవకొండ దగ్గర పల్లె. మా చెల్లెలి బిడ్డకు 9 రోజులు. కాన్పు అయినప్పటి నుంచి పెదాలు, గోళ్లు నీలంగానే ఉన్నాయి. చలికి అలా ఉంటుందిలే అని ప్రసవం చేసిన చోట ఇంటికి పంపేశారు. పాలు తాగుతూ ఆయాసపడుతుంటే నిన్న అనంతపురం తీసుకొచ్చాం. ఎకో (గుండె స్కానింగ్) తీశారు: టీజీఏ అంట. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఇంకొకటి ఉన్నాయి. రక్తంలో ఆక్సిజన్ 70 శాతం దాటడం లేదు. పుట్టాక మూసుకుపోయే చిన్న నాళం తెరిచి ఉండడానికి ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెట్టారు.

నాళాలు మార్చే ఆపరేషన్ మొదటి 3, 4 వారాల్లోనే మేలంట, ఆలస్యమైతే గుండె ఎడమ గది బలం తగ్గిపోతుందంట. అంటే మా చేతిలో ఉన్నది కొద్ది రోజులే.

పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో డబ్బు తీసుకోరని తెలుసు. తిరుపతిలో 2021లో మొదలైన పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి కూడా ఉంది. ఇంత పసిబిడ్డకు ఈ ఆపరేషన్ ఈ రెండింటిలో ఎక్కడైనా చేయించుకున్నవాళ్లు ఉన్నారా? బెడ్ కోసం ముందు ఎవరిని అడగాలి? రేషన్ కార్డులో పాప పేరు లేదు, తల్లి కార్డు మీద ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) ఇచ్చారా? డ్రిప్ ఆగకుండా అంబులెన్సులో ఎలా తీసుకెళ్లారు? డ్రిప్ వల్ల ఊపిరి ఆగిపోవచ్చని డాక్టరు చెప్పినప్పటి నుంచి, దారిలో ఏమవుతుందోనని మా చెల్లెలికి కంటి మీద కునుకు లేదు.

రాత్రి ఎంత పొద్దుపోయినా చూస్తుంటాను.